గడియ తీయని తలుపు

మా ఇల్లు పుస్తకాల్లో ఉంది. కప్పు ఏ గోడ మీదా ఆనకుండా, సన్నటి ఇనుప స్తంభాల మీద గాల్లో తేలుతున్నట్టు ఉంటుందని రాశారు. మూడు పక్కలా నేల నుంచి కప్పు దాకా అద్దాలేనని, నాలుగో పక్క కాంక్రీటు గోడ మీద పోత పోసినప్పటి చెక్కల అచ్చు ఇప్పటికీ కనిపిస్తుందని రాశారు. అంతా నిజమే. వానొస్తే ఆ తేలే కప్పు కింద మా అమ్మ బాల్చీలు పట్టుకుని పరిగెత్తేదని మాత్రం ఎవరూ రాయలేదు. ఇల్లు చూడటానికి పెద్దమనుషులు వచ్చినప్పుడు బాల్చీలు పెట్టకూడదు. వాళ్లు వెళ్లేదాకా నీళ్లు మొజాయిక్ నేల మీద పారుతుండేవి. నాన్న ఆ నీళ్లలోనే నడుస్తూ వాళ్లకి వెలుతురు గురించి చెప్పేవాడు.

నాన్న ఆర్కిటెక్టు. అలాంటి ఇల్లు కట్టిన మొదటివాడని పేరు. లోపల తలుపులు లేవు. పడుకునే చోటుకీ కూర్చునే చోటుకీ మధ్య కప్పు దాకా అందని బీరువా ఒకటి అడ్డం, అంతే. "తలుపంటే అబద్ధం" అనేవాడు. స్నానాల గదికి ఒక్కదానికి ఉండేది. అది కూడా మా అమ్మ పుట్టింటికి పోతానని పెట్టె సర్దుకుంటే పెట్టించాడు. కర్టెన్లు లేవు. "దాచుకోవడానికి మనమేమన్నా దొంగతనం చేశామా?" అనేవాడు.

వీధిలో వాళ్లు పుస్తకాలు చదవరు. వాళ్లు మా ఇంటికి పెట్టిన పేరు చేపల తొట్టి. సాయంత్రం షికారుకి వచ్చినవాళ్లు మా అద్దాల ముందు నిలబడి మేము అన్నం తినడం చూసేవాళ్లు. మర్నాడు బడిలో వాళ్ల పిల్లలు, "ఏరా చేపా, నిన్న మీ నాన్న మీ అమ్మ మీద ఎందుకు అరిచాడ్రా?" అని అడిగేవాళ్లు. గోడలకి చెవులుంటాయంటారు. మాకు గోడలు లేవు కాబట్టి ఆ పని కూడా వీధే చూసుకునేది.

మేం ముగ్గురం. అక్క పెద్దది, తర్వాత అన్నయ్య, ఆఖరున నేను. అక్కకి నాన్న పెట్టిన పేరు స్కేలు. పత్రికల కోసం ఫొటోలు తీసేటప్పుడు ఎప్పుడూ అక్కనే నిలబెట్టేవాడు. మనిషి లేని ఫొటోలో ఇల్లు ఎంతుందో తెలియదట, కొలతకి ఒకరుండాలట. అమ్మ నిలబడితే లైను చెడుతుందట. అన్నయ్య నవ్వేవాడు, నేను కదిలేవాణ్ణి. అక్క మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని, గడ్డం కొంచెం పైకెత్తి, కెమెరా వైపు చూడకుండా, స్తంభం పక్కన ఇంకో స్తంభంలా నిలబడేది. అందరికీ తెలిసిన ఆ పెద్ద ఫొటో అక్కకి ఇరవయ్యేళ్లప్పుడు తీసింది. అందులో అక్క తల సరిగ్గా స్తంభం మీదున్న అతుకు దాకా ఉంటుంది.

అంతకు చాలా ముందు సంగతి ఒకటి చెప్పాలి. అక్కకి ఆడపిల్లలకి వచ్చే నొప్పి మొదలైన కొత్తలో, అమ్మ బీరువాకీ స్తంభానికీ మధ్య తాడు కట్టి దుప్పటి వేలాడదీసింది. ఆ పూటే నాన్న తన దగ్గర చదువుకునే కుర్రాళ్లని తీసుకొచ్చాడు. దుప్పటి చూశాడు. కోప్పడలేదు. తాడు విప్పి, దుప్పటిని నాలుగు మూలలూ కలిపి నీట్‌గా మడతపెట్టి, అక్క కాళ్ల దగ్గర పెట్టాడు. తర్వాత కుర్రాళ్ల వైపు తిరిగి, "ఇదిగో, ఇప్పుడు చూడండి వెలుతురు ఎలా పారుతుందో" అన్నాడు. వాళ్లు చూశారు. మంచం మీద అక్క ముడుచుకుని ఉంది. కుర్రాళ్లలో ఒకడు నోట్సు కూడా రాసుకున్నాడు.

నేను ఏడో తరగతి తప్పి, కప్పు కారుతుంటే మరమ్మతుకి వచ్చిన మేస్త్రీ వెనకాల వెళ్లిపోయాను. "వీడు ఇటుకల మనిషి" అన్నాడు నాన్న. ఆయన నోట్లో ఇటుక అనేది బూతు. తర్వాత పాత ఇళ్లు కొట్టే పనిలో పడ్డాను. ఇల్లు కూలదోసి, అందులో తలుపులు, కిటికీలు, దూలాలు దెబ్బ తగలకుండా ఊడదీసి అమ్మడం నా వ్యాపారం. చదువుకున్నవాడు కడతాడు, చదువుకోనివాడు కూలుస్తాడు. లోకానికి ఇద్దరూ కావాలి. అన్నయ్య బాగా చదివి, నాన్న చెప్పిన పాఠాలే కాలేజీలో చెప్పే ప్రొఫెసరయ్యాడు. అక్క బడిలో తెలుగు టీచరు. అమ్మ పోయాక, నాన్నకి పక్షవాతం వచ్చాక, ఉద్యోగం మానేసి ఆయన పక్కబట్టలు మార్చే పనిలో చేరింది.

పక్షవాతంతో నాన్నకి కుడిపక్కా, మాటా రెండూ పోయాయి. మాట పోయిన నెలలోనే అక్క నా కొట్టుకి వచ్చింది.

"ఒరే, నాకో గది కట్టాలిరా."

"ఎక్కడ?"

"ఇంటి వెనకాల. నాన్న మంచానికి ఎదురుగా."

"నాన్న చూస్తాడక్కా."

"చూడాలనే."

కట్టాను. ఎర్ర ఇటుకలు, పైన రేకు, బొత్తిగా అందం చందం లేని గది. అందులో అక్క ఒకే ఒక్కటి ఏరుకుంది, తలుపు. నా కొట్టులో ఉన్న తలుపులన్నీ తట్టి చూసి, రెండు చేతులతో మోయలేని పాత టేకు తలుపు పట్టించుకెళ్లింది. దానికి అడ్డంగా జరిపే ఇనుప గడియ, నా బొటనవేలంత లావు. గది మరీ చిన్నది. తలుపు లోపలికి తెరుచుకునేలా పెడితే మంచానికి కొట్టుకుంటుంది. అందుకని బయటికి తెరుచుకునేలా పెట్టాను. బందులు బయటివైపు వచ్చాయి. అప్పుడు దాన్ని ఎవరం పట్టించుకోలేదు.

పునాది తవ్విన రోజు నుంచి నాన్న మంచంలో పడుకుని అద్దంలోంచి చూస్తూ "ఊఁ... ఊఁ..." అని మూలిగేవాడు. ఎడమ చెయ్యి లేపి ఊపేవాడు. అక్క ఆయన మూతి తుడుస్తూ, "ఏంటి నాన్నా? వెలుతురు బాగా పారుతోందా?" అని అడిగేది. ఆయన మంచాన్ని ఒకరోజు కూడా ఇంకో వైపు తిప్పలేదు. రాత్రి ఆయనకి మందులిచ్చి, గదిలోకి వెళ్లి, ఆయనకి వినపడేలా ఠంగుమని గడియ వేసుకునేది. ఆ ఇంట్లో పుట్టాక అక్కకి దొరికిన సొంత చప్పుడు అదొక్కటే. నాలుగేళ్లు అలా విని విని నాన్న పోయాడు.

ఇల్లు మా ముగ్గురికీ కలిపి రాసిపెట్టి పోయాడు. అక్కకి ఒకటే భయం, తన గది పోతుందని. అపార్ట్‌మెంట్లు కట్టే ఆయన ఒకడు వీధిలోంచి పోతూ పోతూ స్థలాన్ని అడుగులతో కొలిచేవాడు. నేను అమ్మేద్దామనే అన్నాను. నాకు ఆ ఇంటి మీద ప్రేమ ఎక్కడుంది? కానీ అక్క అన్నయ్యని పిలిపించింది.

అన్నయ్య కళ్లజోడు అద్దాలు తుడుచుకుంటూ కూర్చుని, "అమ్మే ప్రసక్తే లేదక్కా. దీనికి వారసత్వ గుర్తింపు తెప్పిస్తాను. అది వచ్చిందంటే దేవుడు దిగొచ్చినా దీన్ని ఎవరూ కూల్చలేరు" అన్నాడు.

"గుర్తింపు ఎవరిస్తారు?"

"కమిటీ ఉంటుంది. వాళ్లొచ్చి చూస్తారు. మనం ముగ్గురం సంతకాలు పెడితే చాలు. ఇన్నేళ్లు ఈ ఇంటిని కనిపెట్టుకుని ఉన్నదానివి నువ్వు. ఈ వారసత్వానికి అసలు కారణం నువ్వేనక్కా."

అక్క ముఖం వెలిగిపోయింది. అన్నయ్య వెళ్లాక నాతో, "విన్నావా? నన్ను వారసురాలిగా గుర్తిస్తారటరా. మీ ఇద్దరూ సంతకం పెడితే చాలట" అంది.

నాకు నవ్వొచ్చింది. "అక్కా, అది నీకిచ్చే గుర్తింపు కాదు. ఇంటికిచ్చేది. నా కొట్టు పక్కన పాత గడియారం బురుజు ఉంది కదా, దానికి కూడా ఇచ్చారు. వారసత్వ కట్టడం అని రాయి పాతారు. దాని మీద మేకు కొట్టినా ఊరుకోరు."

"బురుజుకి వారసులెక్కడ ఉంటార్రా, వెర్రి వెధవా? వారసత్వం అంటే వారసుడికి వచ్చేది. నిఘంటువు తెమ్మంటావా?"

"నిఘంటువులో ఏముందో నాకు తెలీదు. రాయి మీద ఏముందో చెప్తున్నాను."

"ఏడో తరగతి తప్పినవాడివి, నాకు తెలుగు చెప్పొచ్చావా? పో, పోయి తలుపులు అమ్ముకో."

పోయాను. చెప్పిందే మళ్లీ చెప్పడం నాకు అలవాటు లేదు. గోడకి చెప్పినట్టు అంటారు. నేను గోడల్ని కొట్టేవాణ్ణి, వాటికి చెప్పేవాణ్ణి కాను.

కమిటీ మేడమ్ వచ్చింది. నూలుబట్టలు, మెత్తటి గొంతు, కాళ్లకి చప్పుడు చేయని చెప్పులు. స్తంభాన్ని చేత్తో నిమిరి కళ్లనీళ్లు పెట్టుకుంది. మా అమ్మ పోయినప్పుడు కూడా ఆ ఇంట్లో అంత నిజంగా ఎవరూ ఏడవలేదు. "ఈ వారసత్వాన్ని కాపాడటం మన బాధ్యత" అంది. అక్క ఆవిడ చేతులు పట్టుకుని, "మీ నోటి చలవ" అంది. నేను అన్నయ్య వైపు చూశాను. అన్నయ్య నా వైపు చూశాడు. వాడికి అంతా తెలుసు. అక్క ఏమనుకుంటోందో, ఎందుకనుకుంటోందో వాడికి మొదటి రోజే తెలుసు. వాడు కలం మూత తీసి అక్క చేతికిచ్చి, "ఇక్కడక్కా" అన్నాడు.

అక్క టీచరమ్మల దస్తూరీతో గుండ్రంగా సంతకం పెట్టింది. నేనూ పెట్టాను. ఆ ఇల్లు నా నెత్తిన ఉండేకంటే ఊరి నెత్తిన ఉంటే నయం.

గుర్తింపు వచ్చింది. గేటు దగ్గర రాయి పాతారు. అక్క దాని ముందు నిలబడి చదివింది. నాన్న పేరుంది. ఆయన నిర్మాణకళ గురించి ఒక వాక్యం ఉంది. వారసత్వ కట్టడం అని పెద్దక్షరాల్లో ఉంది. అక్క రాయి వెనక్కి వెళ్లి అటువైపు కూడా చూసింది. తన పేరు అటుపక్క చెక్కారేమో అనుకుంది పాపం.

మర్నాడు మేడమ్ ఆ పెద్ద ఫొటో పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ఇంటిని ఫొటోలో ఎలా ఉందో అలా చేయాలట. కట్టినప్పటి రూపానికి తర్వాత చేరినవన్నీ తీసెయ్యాలట. అమ్మ వేయించిన స్నానాల గది తలుపు మీద సుద్దతో గుణకారం గుర్తు పెట్టింది. పెరట్లోకి వెళ్లి అక్క గది గోడ మీద ఇంకో గుర్తు పెట్టింది.

"అదేంటమ్మా?" అంది అక్క.

"ఇది చేర్పు అండీ. అసలు డిజైన్‌లో లేదు. వెనకవైపు చూపు మొత్తాన్ని అడ్డేస్తోంది."

"అది నా గది. నేను వారసురాలిని కదా."

మేడమ్‌కి అర్థం కాలేదు. "వారసత్వం ఇంటిదండీ. ఇది ఇప్పుడు అందరి వారసత్వం."

"అందరిదీనా? మరి అందరూ వచ్చి మా నాన్న పక్కబట్టలు మార్చారా?"

మేడమ్ సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ అన్నయ్య కోసం చూసింది. అన్నయ్య వచ్చాడు.

"నాకు అబద్ధం చెప్పావట్రా?" అంది అక్క.

"ఏం అబద్ధం చెప్పానక్కా? ఇల్లు ఎవరూ కూల్చరన్నాను. కూల్చడం లేదు కదా."

"వారసత్వ గుర్తింపు అన్నావు."

"అదే వచ్చింది." అన్నయ్య కళ్లజోడు సర్దుకున్నాడు. "నువ్వు తెలుగు టీచరువి. నీకు అర్థమయిందనుకున్నాను."

ఇన్నేళ్లలో నాన్న కూడా అక్కని అంత శుభ్రంగా కొట్టలేదు. చదువంటే అదీ. నాకెక్కడొస్తుంది?

గది తీసే పనికి అన్నయ్య నా దగ్గరికే వచ్చాడు. "నువ్వే కట్టావు కాబట్టి నువ్వే పద్ధతిగా తీస్తావు. ఎవడో వచ్చి పునాది గుల్ల చేస్తే అసలు ఇంటికి దెబ్బ" అన్నాడు. అక్కకి దెబ్బ సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒప్పుకున్నాను. ఎవడో గడ్డపారతో ఆ టేకు తలుపుని పగలగొడుతుంటే చూడలేను. మంచి తలుపు అది.

పొద్దున్నే మనుషుల్ని తీసుకుని వెళ్లేసరికి అక్క లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. ఠంగుమన్న చప్పుడు అందరికీ వినపడింది. మేడమ్, అన్నయ్య, వదిన పెరట్లో నిలబడ్డారు. అద్దాలకి అవతల వీధిలో కూడా జనం ఆగారు. ఆ ఇంటికి ముందు నిలబడితే వెనక పెరడు దాకా కనపడుతుంది. నాన్న అలా కట్టాడు మరి.

"అక్కా, తలుపు తియ్యవే" అన్నాడు అన్నయ్య.

"తియ్యను."

"అందరూ చూస్తున్నారు."

"చూడనీ. తలుపుని ఎంతసేపు చూస్తార్రా? చూసి చూసి వాళ్లే పోతారు. నా బతుకులో మొదటిసారి ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకి తలుపు కనపడుతోంది."

వదిన మేడమ్ చెవిలో, "ఆవిడకి మొదట్నుంచీ కొంచెం మొండి" అంది. లోపల్నుంచి, "నీ మొగుడికి మొదట్నుంచీ కొంచెం సిగ్గు తక్కువ, ఆ ముక్క కూడా చెప్పు" అని వినపడింది. నా మనుషులు నవ్వాపుకున్నారు.

మధ్యాహ్నం దాకా అదే వరస. బతిమాలడాలు, బెదిరింపులు. చివరికి అన్నయ్య చెమట తుడుచుకుంటూ నాతో, "ఒరే, ఎలాగోలా నువ్వు తీయించు" అన్నాడు.

"తీయించాలా, తీసెయ్యాలా?"

"ఏదో ఒకటి చెయ్యరా బాబూ."

నేను తలుపు దగ్గరికి వెళ్లాను. "అక్కా, తీస్తావా?"

"ఎవరు, తలుపులోడా? తియ్యను. గోడ పడగొట్టు. నా మీదే పడనీ."

"గోడ దాకా ఎందుకు?" అన్నాను.

బందులు బయటే ఉన్నాయి. సుత్తి, మొండి మేకు తీసుకుని కింద బందు పిన్ను తట్టాను. నూనె పోసి పెట్టిన బందు, సుఖంగా జారిపోయింది. మధ్యది తట్టాను. పైది తట్టేటప్పుడు లోపల్నుంచి అక్క, "ఏం చేస్తున్నావురా?" అంది. గొంతులో అప్పుడు టీచరు లేదు.

గడ్డపార మొన బందుల వైపు దూర్చి కొంచెం ఎత్తాను. తలుపు బందుల వైపు నుంచి నా ఒళ్లోకి వచ్చింది. గడియ దానంతట అదే గుమ్మం చిల్లులోంచి బయటికి జారింది. నేనూ నా మనిషీ కలిసి తలుపుని ఎత్తి ప్రహరీ గోడకి ఆనించాం. గీత కూడా పడలేదు.

అక్క మంచం మీద కూర్చుని ఉంది. తలుపు పోయిన ఖాళీలోంచి మేడమ్, అన్నయ్య, వదిన, అద్దాలు, అద్దాల అవతల వీధి, వీధిలో జనం, అందరూ ఆమెకి కనపడ్డారు. అందరికీ ఆమె కనపడింది. చప్పున కాళ్లు ముడుచుకుని మోకాళ్ల మీదకి దుప్పటి లాక్కుంది. తర్వాత గోడకి ఆనించిన తలుపు వంక చూసింది. గడియ ఇంకా వేసే ఉంది, ఇనుప నాలుక బయటికి చాచుకుని.

"గడియ తీయకుండానే తలుపు తీసేశావు కదరా" అంది.

"తీయమన్నారు, తీశాను" అన్నాను.

సాయంత్రానికి ఇటుకలు, రేకులు బండెక్కాయి. మేడమ్ పెరట్లో నిలబడి, "ఇప్పుడు ఊపిరాడుతోంది" అంది. ఇంటి సంగతి ఆవిడ చెప్పింది.

బాగుచేసే పని మొదలయ్యాక ఆ ఇంట్లో ఎవరూ ఉండకూడదన్నారు. అక్కని మా ఇంటికి తీసుకొచ్చాను. అన్నయ్య ఇంట్లో చోటు లేదు, పుస్తకాలున్నాయి. మా వెనక గదికి ఆ టేకు తలుపే పెడతానన్నాను.

"నువ్వు తీసే తలుపు నాకెందుకురా?" అంది.

సరే అని మర్నాడే అమ్మేశాను. అక్క ఇప్పుడు వెనక గదిలో తలుపు లేకుండానే పడుకుంటుంది. మా ఆవిడ కర్టెన్ కట్టబోతే వద్దంది.

ఇల్లు తెరిచిన రోజు మా ఇద్దర్నీ కూడా పిలిచారు. అద్దాలు తళతళలాడుతున్నాయి. కప్పు కారకుండా ఏదో మందు వేశారట. అమ్మ ఉన్నప్పుడు ఆ మందు ఎక్కడుందో. అన్నయ్య మెడలో ఏదో కార్డు వేసుకుని నాన్న గొంతుతో వెలుతురు గురించి చెబుతున్నాడు. కొత్త పుస్తకం కోసం ఫొటోగ్రాఫరు వచ్చాడు. అటు తిరిగి, ఇటు తిరిగి, "సార్, ఎవరైనా ఒకరు నిలబడితే బాగుంటుంది. లేకపోతే సైజు తెలియడం లేదు" అన్నాడు.

అన్నయ్య చుట్టూ చూసి, "అక్కా, నువ్వు నిలబడవే. నీకు అలవాటేగా" అన్నాడు.

అక్క తిడుతుందనుకున్నాను. నేరుగా వెళ్లి ఆ స్తంభం పక్కనే, ఆ చోటే నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. గడ్డం కొంచెం పైకెత్తింది. కెమెరా వైపు చూడలేదు.

"అబ్బ! భలే నిలబడ్డారండీ" అన్నాడు ఫొటోగ్రాఫరు. అయిపోయిందని వాడు చెప్పాక కూడా అక్క కదల్లేదు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురావాల్సి వచ్చింది.

పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆ ఫొటోనే వేశారు. చూసినవాళ్లందరూ ఇల్లు ఇంత పెద్దదని అనుకోలేదంటున్నారట. అన్నయ్య ఫోన్ చేసి సంబరంగా చెప్పాడు. నేను పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూశాను. పాతదాంట్లో అక్క తల స్తంభం అతుకు దాకా ఉంది. కొత్తదాంట్లో అతుక్కి జానెడు కిందుంది. ఇల్లు అంగుళం పెరగలేదు, స్కేలు కుంగిపోయింది.

నాన్న ఉంటే సంతోషించేవాడు.